నేరేడు మడుగులో ఓటీపీ

ఒక పెద్ద అడవిలో నేరేడు మడుగు అని ఒక మడుగు ఉండేది. వానాకాలంలో, చలికాలంలో దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. వాగులూ వంకలూ బోలెడు ఉండేవి. రోహిణికార్తె వచ్చేసరికి మాత్రం వాగులన్నీ ఇసుకగా మిగిలి, అడవికంతటికీ ఆ మడుగే దిక్కయ్యేది.

అక్కడ ఒక ఆచారం ఉండేది. పిల్లలున్నవాళ్ళు ముందు తాగాలి, మిగతావాళ్ళు తర్వాత. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళలో ఒకరు "వీళ్ళు మావాళ్ళే" అనేవారు. అంతే. ఆ ఒక్క మాట మీద తాతల కాలం నుంచీ మడుగు నడిచిపోతూ వచ్చింది.

గొడవలు లేవని కాదు. వరహాలు అనే అడవిపంది ఒకడుండేవాడు. బలగంతో దిగి, నీళ్ళు తాగడంతో ఊరుకోకుండా అందులో పడి దొర్లేవాడు. వాళ్ళు లేచి వెళ్ళాక వచ్చినవాళ్ళకు నీళ్ళ బదులు బురద మిగిలేది.

అలా బురద మిగిలినవాళ్ళలో చుక్కమ్మ అనే దుప్పి ఒకతి. ఆ వేసవిలోనే చుక్కమ్మకు పిల్ల పుట్టింది. పిల్ల ఇంకా గడ్డి కొరకడం నేర్వలేదు. తల్లి నీళ్ళు తాగితే పాలు, లేకపోతే లేవు. చుక్కమ్మ ఓపిక పట్టి, పట్టి, చివరికి కేసరిదొర దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంది. ఆ మొర పెట్టుకోకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది పాపం.

కేసరిదొర సింహం. గుహ ముందు నీడలో పడుకుని ఉన్నాడు. వరహాలును పిలిపించి ఒక్క గర్జన గర్జిస్తే పని అయిపోయేది. కానీ గర్జించాలంటే లేవాలి. అందుకని దొర సభ పెట్టించాడు.

సభలో నాగభూషణం లేచాడు. నాగభూషణం కొండముచ్చు. కొన్నాళ్ళు పట్నంలో ఒక బ్యాంకు డాబా మీద కాపురం ఉండి, ఈమధ్యే అడవికి తిరిగొచ్చాడు. అక్కడివాళ్ళు టపాకాయలు కాల్చి తరిమారని ఎలుగుబంటి అంటుంది. అడవికి సేవ చేద్దామని తనే వచ్చానని నాగభూషణం అంటాడు.

"దొరా, ఇది నీళ్ళ సమస్య కాదు, గుర్తింపు సమస్య" అన్నాడు నాగభూషణం. "ఈవిడ చుక్కమ్మనంటోంది. చుక్కమ్మే అనడానికి మన దగ్గర రుజువేమిటి?"

చుక్కమ్మ తెల్లబోయింది. "అదేమిటి బాబూ! నేను పుట్టిందే దొరగారి గుహ వెనక పొదలో. మా అమ్మను దొరగారే..." అంటూ ఆగిపోయింది. మా అమ్మను దొరగారే తిన్నారు అనడం సభామర్యాద కాదు.

"గుర్తుంది, గుర్తుంది. మంచి మనిషి" అన్నాడు దొర పెదవులు తడుపుకుంటూ.

"దొరకు గుర్తుంటే చాలదు, వ్యవస్థకు గుర్తుండాలి" అన్నాడు నాగభూషణం. "పట్నంలో దీనికి ఓటీపీ అని ఒక పద్ధతి పెట్టారు. మూడే అక్షరాలు. ఒక్కసారికి మాత్రమే చెల్లే రహస్యపు అంకె అన్నమాట. బ్యాంకుకు మనిషి స్వయంగా వస్తాడు. మొహం ఉంటుంది, సంతకం ఉంటుంది, పక్కన పెళ్ళాం కూడా ఉంటుంది. అయినా నమ్మరు. వాడి ఫోనుకు ఒక అంకె పంపిస్తారు. ఆ అంకె చెబితేనే వాడు వాడు."

"మరి ఫోను పోతే?" అంది ఎలుగుబంటి.

"అప్పుడు వాడు వాడు కాదు."

సభ మొత్తం ముక్కున వేలేసుకుంది. ఆ మూడక్షరాలు ఏ భాషవో అక్కడ ఎవరికీ తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. కలప డిపోలో పనిచేసి రిటైరైన గజపతి అనే ఏనుగు మాత్రం గంభీరంగా తొండం ఊపి, "మా సర్వీసులో కూడా ఇలాంటిదే ఒకటి ఉండేది" అన్నాడు. అలాంటిది ఏదీ ఉండేది కాదు.

పద్ధతి ఇలా ఖాయమైంది. ప్రతి జంతువూ తన స్థిరనివాసం ఎక్కడో చెప్పాలి. గోరింక అవన్నీ నోటికి పట్టి ఉంచుకుంటుంది. మడుగు దగ్గర కాపలాకు కిచ్చయ్య అనే కోతి ఉంటాడు. నీళ్ళకు వచ్చినవాళ్ళు పేరు చెప్పగానే కిచ్చయ్య ఒక అంకె అనుకుని గోరింక చెవిలో వేస్తాడు. గోరింక ఎగిరి వెళ్ళి స్థిరనివాసం దగ్గర ఆ అంకె చెబుతుంది. వాళ్ళు అది విని వచ్చి కిచ్చయ్యకు అప్పజెప్పాలి. అంకె ఒక్కసారే చెల్లుతుంది. ఎవరికీ చెప్పకూడదు.

"మరి తమరి స్థిరనివాసం?" అని గోరింక నాగభూషణాన్ని అడిగింది.

"నాదా? పట్నంలో బ్యాంకు డాబా" అన్నాడు నాగభూషణం, సభంతా వినేలా.

"ఇప్పుడు ఉంటున్నది నేరేడు చెట్టు మీదేగా?" అంది ఎలుగుబంటి.

"అది క్యాంపు" అన్నాడు నాగభూషణం.

మర్నాడు పొద్దున్నే చుక్కమ్మ మడుగుకు వెళ్ళింది. ముళ్ళకంప అడ్డం పెట్టుకుని కిచ్చయ్య కూర్చుని ఉన్నాడు.

"పేరు?"

"అదేంటి కిచ్చయ్యా, నిన్న సాయంత్రం నా వీపు మీద కూర్చుని పేలు చూశావు కదరా!"

"అది స్నేహం, ఇది డ్యూటీ. పేరు?"

"చుక్కమ్మ" అంది చుక్కమ్మ. తన పేరు తనకే కొత్తగా వినిపించింది.

గోరింక రెక్కలు విదిలించి ఎగరబోయింది. "నేను ఇక్కడే ఉన్నానుగా తల్లీ, ఆ ముక్క ఇక్కడే చెప్పరాదూ?" అని చుక్కమ్మ బతిమాలింది.

"నమోదైన చోటే చెప్పాలండీ" అని గోరింక తుర్రుమంది.

చుక్కమ్మ దాని వెనకే పరుగెత్తింది. చుక్కమ్మ ఇంకా దారిలో ఉండగానే గోరింక పొద పైకొమ్మ మీద వాలి గొంతెత్తింది. గోరింకకు మెల్లగా మాట్లాడటం రాదు, వాళ్ళ వంశంలోనే లేదు. "చుక్కమ్మగారి అంకె నాలుగు, ఏడు, ఏడు, రెండూ! దయచేసి ఈ అంకెను ఎవరికీ చెప్పకండీ!" అని అరిచిన అరుపు కొండ అవతలికి కూడా వినిపించింది. పొదలో పిల్ల ఉలిక్కిపడి లేచింది.

చుక్కమ్మ పిల్లను ఒకసారి నాకి, వచ్చిన దారినే మళ్ళీ పరుగెత్తింది. మడుగు చేరేసరికి నాలుక బయటికి వేలాడుతోంది. "నాలుగు, ఏడు, ఏడు, రెండు" అంది రొప్పుతూ.

"చెల్లదండీ" అన్నాడు కిచ్చయ్య. "ఈ అంకెతో ఇప్పుడే ఒకరు తాగి వెళ్ళారు."

"ఎవరు?"

"చుక్కమ్మగారు."

చుక్కమ్మ అటు చూసింది. గట్టు మీద వరహాలు మూతి నుంచి నీళ్ళు కారుస్తూ, తృప్తిగా త్రేన్చుతూ పోతున్నాడు.

"వాడు వరహాలురా!"

"చూడడానికి పందిలాగే ఉన్నారు" అని ఒప్పుకున్నాడు కిచ్చయ్య. "కానీ అంకె చుక్కమ్మది."

చుక్కమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నేరేడు చెట్టు కిందికి వెళ్ళి తలెత్తింది. పైన నాగభూషణం తోక వేలాడేసుకుని పండ్లు తింటున్నాడు. సంగతంతా విని, గింజ ఉమ్మేశాడు.

"అంకె మీరు ఎవరికైనా చెప్పారా?"

"నేనెందుకు చెబుతాను బాబూ? గోరింకే అడవంతటికీ చెప్పింది!"

"గోరింక మీకు మాత్రమే చెప్పింది. అడవి విన్నదంటే అది అడవి చేసిన తప్పు. ఎవరికీ చెప్పొద్దని చివర్లో హెచ్చరించిందా, లేదా?"

"హెచ్చరించింది."

"మరింకేం?" అన్నాడు నాగభూషణం. "అయినా మీ ఫిర్యాదు తీసుకున్నాం. రేపటి నుంచి ఇంకా గట్టి బందోబస్తు పెడతాం."

ఆ గట్టి బందోబస్తు ఏమిటంటే, అంకె అడిగింది మీరేనా అని తేల్చుకోవడానికి ఇంకో అంకె. ఇప్పుడు గోరింక పొదకు రెండుసార్లు రావాలి, చుక్కమ్మ రెండుసార్లు పరుగెత్తాలి. వరహాలుకు పరుగెత్తే పని లేదు. మడుగు పక్క పొదలో పడుకుని రెండు అరుపులూ వినేవాడు. ఒకరోజు చుక్కమ్మగా తాగేవాడు, ఒకరోజు ఎలుగుబంటిగా, ఒకరోజు సకుటుంబంగా కుందేలుగా. తాగాక ఎప్పటిలాగే బలగంతో దిగి దొర్లేవాడు. మడుగు అంచులన్నీ కాలు పెడితే దిగబడే బురదయ్యాయి.

ఈలోగా ఓటీపీ అడవిలో ఫ్యాషనైపోయింది. ఎలుగుబంటి ఆలస్యంగా ఇంటికొస్తే మొగుడు అంకె అడగడం మొదలుపెట్టాడు. గిజిగాడు గూడు అల్లుకోబోతే తుమ్మచెట్టు అంకె అడిగింది. కాకి తన గూట్లో గుడ్లన్నిటినీ అంకె అడిగితే, సరిగ్గా చెప్పింది కోకిల గుడ్డొక్కటేనట. ఒక కొంగ మడుగులో చేపను పట్టబోతే నాగభూషణం వచ్చి, గట్టు లోపల ఏ పని జరిగినా, ఎవరు ఎవరి మీద చెయ్యి వేసినా అవతలివాళ్ళ అంకె ఉండాల్సిందేనని ఆర్డరు వేశాడు. కొంగ ఒంటికాలి మీద నిలబడి అంకె కోసం ఎదురుచూస్తుండగా చేప వెళ్ళిపోయింది.

కేసరిదొరకు మాత్రం అంకె అక్కర్లేదు. దొర వస్తుంటే కిచ్చయ్యే ముళ్ళకంప తీసి పక్కకు తప్పుకునేవాడు.

చుక్కమ్మ పరిస్థితి రోజురోజుకూ దిగజారింది. తెల్లవారుజామున ఆకుల మీద ఏ కాస్త తడి ఉన్నా నాకేది. వాగులో ఇసుక తవ్వి చెమ్మ పీల్చేది. పాలు తగ్గిపోయాయి. పిల్ల ఆకలితో పొదుగును తలతో గుద్ది గుద్ది పీకేది, నొప్పి పుట్టినా చుక్కమ్మ కదలకుండా నిలబడేది. ఒకరోజు పిల్ల గుద్దడం మానేసింది. పొదుగు దాకా వచ్చి, మూతి ఆనించి, ఊరికే నిలబడింది. అప్పుడు చుక్కమ్మకు నిజంగా భయం వేసింది.

ఇక అంకె వచ్చినా రాకపోయినా నీళ్ళు తాగే తీరాలని పిల్లను వెంటబెట్టుకుని మడుగుకు బయలుదేరింది.

వెళ్ళేసరికి అడవంతా అక్కడే ఉంది. నాగభూషణాన్ని జీవితాంతం మడుగు అధికారిగా నియమించడానికి దొర వచ్చాడట. ఆ వేడుక ముగిసేదాకా ఎవరికీ నీళ్ళు లేవట. కిచ్చయ్య మెడలో అడవిమల్లెల దండ ఉంది. గజపతి ముందువరసలో నిలబడి ఎండకు చెవులు ఆడిస్తున్నాడు. వరహాలు ఎవరి పేరుతోనో వచ్చి దొరకు నమస్కారం పెట్టాడు.

నాగభూషణం నేరేడు కొమ్మ మీద, సరిగ్గా నీళ్ళ అంచుకు పైన కూర్చుని ఉపన్యాసం అందుకున్నాడు.

"ఓటీపీకి ముందు ఈ మడుగులో ఎవరు ఎవరో తెలిసేది కాదు!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. "ఇప్పుడు అంకె లేనిదే ఆకు కూడా కదలడం లేదు!" అంటూ ఉత్సాహంగా కొమ్మను ఒక్క ఊపు ఊపాడు.

నేరేడు కొమ్మ పెళుసు. పట్నంలో ఉండి వచ్చినవాడు ఆ సంగతి మరిచిపోయాడు. కొమ్మ ఫెళ్ళున విరిగి, నాగభూషణం వరహాలు బలగం కలియదొక్కిన బురదలో నడుము దాకా దిగబడ్డాడు.

మొదట ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

"లాగండి!" అని అరిచాడు నాగభూషణం. లేవాలని గింజుకున్నకొద్దీ ఇంకా దిగబడ్డాడు. "గజపతిగారూ, తొండం అందించండి!"

గజపతి తొండం చాచబోయి ఆపేశాడు. సర్వీసులో ఉండగా కూడా ఆయన రూలు దాటింది లేదు. "అందిస్తాను నాయనా, నాకేం బరువు? కానీ గట్టు లోపల ఎవరు ఎవరి మీద చెయ్యి వేసినా అవతలివాళ్ళ అంకె ఉండాలని ఆర్డరు వేశావే. తొండం కూడా చెయ్యి కిందికే వస్తుంది కదా. ఏమోయ్ కిచ్చయ్యా?"

"వస్తుందండీ" అన్నాడు కిచ్చయ్య. గొంతు సవరించుకుని బురద వైపు తిరిగాడు. "పేరు?"

"ఒరేయ్ కిచ్చిగా! నేనురా!"

"నేను అని ఎవరూ నమోదు కాలేదండీ."

"నాగభూషణం!"

కిచ్చయ్య ఒక అంకె అనుకుని గోరింక చెవిలో వేశాడు. గోరింక లేచి పట్నం వైపు ఎగిరింది.

"ఎటు పోతోందది?" అన్నాడు నాగభూషణం. అంతలో గుర్తొచ్చి, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

పట్నం దూరం. బురద నడుము నుంచి ఛాతీకి వచ్చింది. దొర ఆవులిస్తూ, "ఎవరైనా ఏదైనా చెయ్యండర్రా, పద్ధతి ప్రకారం" అన్నాడు. వరహాలు గట్టు దాకా వచ్చి, "ఎలుగుబంటిగారి పాత అంకె నా దగ్గర ఒకటుంది, పనికొస్తుందా?" అని మర్యాదగా అడిగాడు.

చివరికి గోరింక రొప్పుతూ వచ్చి వాలింది. "చెప్పేశానండీ" అంది.

"ఎవరికి?"

"డాబాకి. ఎవరూ లేరు. గట్టిగానే చెప్పాను."

"అదేదో ఇక్కడ చెప్పవే, నీకు పుణ్యం ఉంటుంది!"

"ఒక్కసారే చెప్పాలి కదండీ" అంది గోరింక నొచ్చుకుంటూ. "పైగా ఎవరికీ చెప్పకూడదు."

నాగభూషణానికి ఏడుపు ముంచుకొచ్చింది. "నేనే! నేనే నాగభూషణాన్ని! నా మొహం కనిపించడం లేదా మీకు?"

"కనిపిస్తోందండీ" అన్నాడు కిచ్చయ్య. "చూడడానికి మీలాగే ఉన్నారు. కానీ అంకె లేదు."

అందరి కళ్ళూ బురద మీదే ఉన్నాయి. కిచ్చయ్య కూడా ముళ్ళకంప దగ్గర లేడు. చుక్కమ్మ ముందు నీళ్ళు మెరుస్తున్నాయి. నాలుగడుగులు వేసి తాగేస్తే అడిగేవాడు లేడు. పిల్ల కాళ్ళకు ఆనుకుని వణుకుతోంది. ఒక అడుగు వేసింది కూడా. ఈ పూటకు సరే, రేపటి మాటేమిటి అనిపించి ఆగింది. రేపు మళ్ళీ ఇదే కంప, ఇదే కోతి, ఇదే పరుగు. పిల్లకు రేపు కూడా పాలు కావాలి.

చుక్కమ్మ జనాన్ని తోసుకుంటూ గట్టు మీదికి వెళ్ళింది. "గజపతి తాతా, ఈయన నాగభూషణమే. నేను చెబుతున్నాను. నువ్వు నువ్వు కాదని నా మొహాన చెప్పిన మొహం ఇదే, నేను మరిచిపోతానా?"

గజపతి తొండం ఆశగా లేచింది. "నీ మాట చెల్లుతుందా తల్లీ?"

"నన్నెందుకు అడుగుతారు? ఆయన్ని అడగండి."

"చెల్లుతుంది!" అని అరిచాడు నాగభూషణం. బురద భుజాలకు వచ్చింది.

"నేను చుక్కమ్మనని నేనే చెబితే మొన్న చెల్లలేదే?"

"ఇప్పుడు చెల్లుతుందమ్మా!"

"నాదొక్కటేనా?"

నాగభూషణం దొర వైపు చూశాడు, అధికారి పదవి వైపు చూసినట్టు. బురద గడ్డం కిందికి వచ్చింది. "అందరిదీ! ఎవరిని ఎవరు ఎరుగుదుమంటే వాళ్ళ మాట చెల్లుతుంది! వరహాలు మాట తప్ప!" అనేశాడు.

"దొరగారు విన్నారా?" అంది చుక్కమ్మ.

"విన్నాను, విన్నాను, లాగండి. నాకు నిద్రొస్తోంది" అన్నాడు దొర.

గజపతి తొండానికి నాగభూషణం బురద పైకి ఎత్తి పెట్టుకున్న తోక మాత్రమే అందింది. దాన్నే పట్టుకుని లాగాడు. అధికారి తలకిందులుగా, బురద ఓడుతూ బయటికి వచ్చాడు. ఈసారి అందరూ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

చుక్కమ్మ నీళ్ళ వైపు నడిచింది. కిచ్చయ్య అలవాటుగా నోరు తెరిచాడు. ఎలుగుబంటి వెనక నుంచి, "మావాళ్ళే. పిల్లతల్లి, ముందు తాగనియ్యి" అంది. కిచ్చయ్య మెడలో దండ తీసి పక్కన పెట్టి, ముళ్ళకంప లాగేశాడు. ఆ వెనకే నడిచిన వరహాలు దారికి గజపతి తొండం అడ్డం వచ్చింది. "ఎవరి పేరు చెబుదామనుకుంటున్నావోయ్?" అని అడిగాడు గజపతి. వరహాలు ఎవరి పేరూ చెప్పకుండా వెనక్కి తిరిగాడు.

చుక్కమ్మ కడుపు నిండా తాగింది. ఆ సాయంత్రం పిల్ల పొదుగును తలతో ఒక్క గుద్దు గుద్దింది. అంత నొప్పిలోనూ చుక్కమ్మకు నవ్వొచ్చింది.

నాగభూషణం సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు ఒళ్ళు కడుక్కుని మళ్ళీ సభకు వచ్చాడు. "దొరా, పాత పద్ధతిలో ఉన్న లోపాలను నేను స్వయంగా లోతుకు దిగి పరిశీలించాను. మొహం చూసి గుర్తుపట్టే సరికొత్త పద్ధతి కనిపెట్టాను" అన్నాడు. దానికి కూడా మూడక్షరాల పేరు పెట్టాడు. ఆ అక్షరాలు ఏ భాషవో ఎవరూ అడగలేదు. గజపతి మా సర్వీసులో కూడా ఇలాంటిదే ఉండేదన్నాడు. దొర సంతోషించి, ఆగిపోయిన అధికారి పదవిని ఆయనకే ఇచ్చాడు. స్థిరనివాసం మాత్రం నాగభూషణం నేరేడు చెట్టుకు మార్పించుకున్నాడు.

నీతి: ఒక పద్ధతి తప్పని తేలడానికి ఎంతమంది దాహంతో అల్లాడినా చాలదు, దాన్ని పెట్టినవాడు ఒక్కసారి బురదలో పడితే చాలు.